అక్వేరియం జెల్ల చేపలు: కొనుగోలు మొదలు తొలి సంతానం వరకు ఎదురయ్యే నష్టాలు

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో ప్రారంభమైనప్పుడు, పెరటిలో అలంకార చేపలను పెంచే యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయాన్ని నిర్ణయించారు. ఇందులో సాధారణ వర్గాల వారికి 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 60 శాతం ఆర్థిక సహాయంగా లభిస్తుంది. అంటే 60 శాతం సహాయం పొందే మహిళ కూడా 1 లక్షా 20 వేల రూపాయలను సొంతంగానో, అప్పుగానో సమకూర్చుకోవలసి ఉంటుంది. షెడ్డు, తొట్లు, గాలి పంపులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. నిలవక పోయేవి చేపలే. దూరం నుంచి తెప్పించిన తొలి విడత చేపలు మొదటి నెలలోనే చనిపోతే ఆ తొట్లు ఖాళీగా పడి ఉంటాయి. చేపలు అమ్మినవాడిపై నింద మాత్రం మిగులుతుంది.

గప్పీ, మోలీ వంటి పిల్లలను కనే చేపలను అందరూ పెంచుతున్నందున వాటికి గిట్టుబాటు ధర దొరకడం కష్టం. అందుచేత కొంత అనుభవం వచ్చిన పెంపకందారుల దృష్టి కోరిడోరాస్, ఆన్సిస్ట్రస్ వంటి చిన్న జెల్ల చేపలపైకి మళ్లుతుంది. రెండూ దక్షిణ అమెరికాకు చెందినవే. రెండూ తొట్లలో సులభంగా గుడ్లు పెడతాయి. అయితే కొనుగోలు దశలోనే ఎక్కువగా దెబ్బతినేవి కూడా ఇవే. ఇటువంటి మరణాలలో చాలా వాటికి అమ్మిన చేపలోని రోగం కంటే అమ్మినచోటి నీటికి, కొన్నచోటి నీటికి మధ్య గల వ్యత్యాసమే ముఖ్యకారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విస్తరణ శాస్త్రవేత్త చేపను పరీక్షించడానికి ముందు సంచిలోని నీటిని, తొట్టిలోని నీటిని పరీక్షించాలి.

మన ప్రాంతానికి అలంకార చేపలు ప్రధానంగా చెన్నైలోని కొళత్తూరు నుంచి, కోల్‌కతా పరిసరాల నుంచి వస్తాయి. కోల్‌కతా నుంచి రైలులో వచ్చే సంచి ఒక పగలు, ఒక రాత్రి మూసే ఉంటుంది. ఆ వ్యవధిలో చేపలు బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి, మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. బొగ్గుపులుసు వాయువు వల్ల నీటి ఉదజని సూచిక, అంటే పి.హెచ్., 6.5కు, కొన్నిసార్లు అంతకన్న దిగువకు పడిపోతుంది. ఈ పతనమే చేపను కాపాడుతుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. అందులో అయనీకరణం చెందని రూపమే మొప్పలను దాటి విషంగా పని చేస్తుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 6.5 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఈ విష రూపం సుమారు 0.2 శాతం మాత్రమే. పి.హెచ్. 7 వద్ద అది 0.7 శాతం, 8 వద్ద 6.5 శాతం దాటుతుంది. కనుక సంచిలో అమ్మోనియా ఎంత పేరుకున్నా ప్రయాణం ముగిసే వరకు చేప తట్టుకోగలుగుతుంది.

ప్రమాదం సంచి విప్పిన తరువాత మొదలవుతుంది. విప్పగానే బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది, పి.హెచ్. పెరగడం ఆరంభమవుతుంది. పైగా పెంపకందారు జాగ్రత్త పేరిట సంచిలోని నీటిలోకి తన బోరు నీటిని గంట సేపు చుక్కచుక్కగా వదులుతాడు. పి.హెచ్. 8కి చేరువలో ఉండే బోరు నీరు మనకు కొత్త కాదు. పి.హెచ్. 6.5 నుంచి 8కి చేరితే అదే అమ్మోనియా ముప్పై రెట్లు విషపూరితమవుతుంది. ఆ గంటా చేపలు తమ విసర్జన నీటిలోనే ఉండిపోతాయి. వెంటనే చనిపోకపోయినా మొప్పలు దెబ్బతిని, మూడో నాడో ఐదో నాడో తేలుతాయి. అప్పటికి అమ్మకందారు ఇచ్చిన హామీ గడువు కూడా ముగిసి ఉంటుంది. సంచిలోనే చనిపోయి వచ్చిన చేపకు పరిహారం ఇచ్చేవారు ఉన్నారు గాని ఐదో రోజున చనిపోయిన చేపకు ఎవరూ ఇవ్వరు. నిజానికి అడగడం కూడా న్యాయం కాదు.

చుక్కచుక్కగా నీరు కలిపే పద్ధతి రెండు మూడు గంటల ప్రయాణానికి సరిపోతుంది. రాత్రంతా మూసి ఉన్న సంచికి అది తగదు. దూరపు సంచిని మూసిన స్థితిలోనే ఇరవై నిమిషాల పాటు తొట్టిలో తేలనిచ్చి ఉష్ణోగ్రతను సమం చేయాలి. తరువాత విప్పిన వెంటనే చేపలను తొట్టిలోకి మార్చి, సంచి నీటిని పారబోయాలి. ఇలా చేయాలంటే తొట్టి నీరు ముందుగానే అమ్మకందారు నీటికి దగ్గరగా ఉండాలి. చేపలు బయలుదేరడానికి వారం ముందే ఆయన తొట్ల పి.హెచ్., నీటి కాఠిన్యం, ఉష్ణోగ్రత ఎంతో అడిగి తెలుసుకోవాలి. ఈ మూడు అంకెలు చెప్పలేని వ్యక్తి చేపలను పెంచేవాడు కాదు, సేకరించి అమ్మేవాడు అని భావించవచ్చు. సంత నుంచి సంతకు చేపలను మార్చేవారు కూడా తమను పెంపకందారులుగానే చెప్పుకుంటారు. పది ఇళ్ల చేపలు ఒకే తొట్టిలో కలిసిన చోట రోగాలు కూడా కలుస్తాయి.

కోరిడోరాస్ విషయంలో మరొక చిక్కు ఉంది. వీటి ఉరోవాజాలకు, అంటే రొమ్ము రెక్కలకు, ముందు భాగంలో గట్టి ముల్లు ఉంటుంది. బెదిరినప్పుడు దానిని నిటారుగా బిగిస్తాయి. ఆ ముల్లు సంచిని పొడిచి ప్రాణవాయువును పోగొడుతుంది, వలలో చిక్కి విరుగుతుంది. ముల్లు మొదట ఉండే గ్రంథి నుంచి విషపదార్థం కూడా వెలువడుతుంది. కాబట్టి పొరకు పొరకు మధ్య వార్తాపత్రిక కాగితం ఉంచిన జంట సంచిలో కొద్ది చేపలనే సర్దమని కోరాలి. పట్టేటప్పుడు వలకు బదులు ప్లాస్టిక్ డబ్బా వాడాలి. సర్దడానికి ముందు ఒకటి, రెండు రోజులు మేత ఆపితే సంచిలో అమ్మోనియా తగ్గుతుంది. ఇది అమ్మకందారు చేయవలసిన పనే అయినా, కొనేవారు అడిగితే తప్ప అందరూ చేయరు.

ఇంతవరకు మొదటి వారం మాట. రెండవ, మూడవ వారాలలో వచ్చే మరణాలకు కారణం వేరు. కొత్త తొట్టిలోని వడపోత స్పాంజి చూడటానికి శుభ్రంగా ఉంటుంది గాని అందులో అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఉండదు. అది స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షెడ్డు పూర్తయిన వారానికే చేపలను తెప్పించే లబ్ధిదారు ఈ వ్యవధిని చేపల ప్రాణాలతో చెల్లిస్తాడు. ముందుగా అమ్మోనియా, తరువాత నైట్రైటు పెరుగుతాయి. నైట్రైటు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని మెట్ హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నా చేప ఊపిరాడక తపిస్తుంది. కోరిడోరాస్ సహజంగానే పైకి వచ్చి గాలి మింగి, పేగు వెనుక భాగం ద్వారా ప్రాణవాయువును గ్రహిస్తుంది. అందువల్ల అది అప్పుడప్పుడు పైకి రావడం రోగం కాదు. మందంతా నిమిషనిమిషానికీ పైకి వస్తుంటే మాత్రం వెంటనే నీటిని పరీక్షించాలి.

నైట్రైటు ప్రమాదాన్ని క్లోరైడుతో అడ్డుకోవచ్చునని అమెరికాలోని ఛానల్ క్యాట్‌ఫిష్ పెంపకంలో బాగా నిరూపితమైంది. అక్కడ నైట్రైటు నత్రజనికి పది రెట్ల క్లోరైడును నీటిలో నిలుపుతారు. 100 లీటర్ల నీటికి 50 గ్రాముల అయోడిన్ కలపని ఉప్పు వేస్తే లీటరుకు దాదాపు 300 మిల్లీగ్రాముల క్లోరైడు చేరుతుంది. తొట్టిలో తలెత్తే సాధారణ స్థాయి నైట్రైటుకు ఇది చాలు. కోరిడోరాస్ ఉప్పును ఏమాత్రం సహించలేదన్న మాట ప్రచారంలో ఉన్నా ఇంత స్వల్ప మోతాదును అవి తట్టుకుంటాయి. అయినా ఉప్పు తాత్కాలిక రక్షణే. చేపలు రాకముందే అమ్మోనియం క్లోరైడును లీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా వేస్తూ వడపోతను సిద్ధం చేయడం సరైన పద్ధతి. వేసిన అమ్మోనియా 24 గంటలలో పూర్తిగా మాయమై, నైట్రైటు కూడా కనిపించకపోతే తొట్టి సిద్ధమైనట్లే. అమ్మకందారు తొట్టిలో నడుస్తున్న స్పాంజిని చేపలతో పాటు కొనితెచ్చుకోవడం మరింత సులభం. దాని వెంట రోగాలు రావా అన్న ప్రశ్న సహజమే. అదే తొట్టి చేపలు ఎలాగూ వస్తున్నాయి కనుక స్పాంజి వల్ల అదనంగా వచ్చే ప్రమాదం స్వల్పం.

కొత్త చేపలను మూడు నుంచి నాలుగు వారాలు వేరుగా ఉంచడం గురించి మనం తరచు చెబుతుంటాం. అయితే ఆ క్వారంటైన్ తొట్టిలో చేపలు ఆకలితో చనిపోతాయన్నది అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. తొట్టి అడుగున మిగిలిన చెత్త తిని బతికే చేపలుగా జెల్ల చేపలకు పేరు పడింది. ఇది అపోహ. కోరిడోరాస్‌కు మాంసకృత్తులు గల, నీటిలో మునిగే మేత కావాలి. ఆన్సిస్ట్రస్‌కు నాచు లేని ఖాళీ తొట్టిలో ఉడికించిన దోసకాయ, పాలకూర వంటివి అందించాలి. పొట్ట లోపలికి పీక్కుపోయిన చేపను అసలు కొనకూడదు. మురుగు కాలువల నుంచి తెచ్చే ట్యూబిఫెక్స్ పురుగులతో మేత ఖర్చు తగ్గినా రోగం చేరుతుంది. ఆర్టీమియా పిల్లలు ఖరీదైనా మేలు.

తెల్లమచ్చ వ్యాధి కనబడితే మందు మోతాదులో జాగ్రత్త అవసరం. మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్, రాగి లవణాలకు జెల్ల చేపలు ఇతర చేపల కంటే సున్నితమైనవి. కాబట్టి సగం మోతాదుతో మొదలుపెట్టడం క్షేమం. చేప చర్మం లోపల ఉన్న పరాన్నజీవిని మందు తాకదు. బయటికి వచ్చి ఈదే దశలోనే అది చస్తుంది. మచ్చలు మాయమైన నాడే మందు ఆపితే వ్యాధి తిరగబెట్టడానికి కారణమిదే.

చేపలు బతికి, ఆరోగ్యంగా పెరిగిన తరువాత కూడా సంతానం లేక నష్టపోయేవారు ఉన్నారు. కోరిడోరాస్‌ను 2, 3 సెంటీమీటర్ల పిల్లలుగా అమ్ముతారు. ఆ వయసులో ఆడ, మగ గుర్తించడం సాధ్యం కాదు. జతలని చెప్పి అమ్మే పిల్లలకు ఎక్కువ ధర చెల్లించడం వృథా. ఎదిగిన ఆడచేప పైనుంచి చూస్తే వెడల్పుగా కనిపిస్తుంది, మగచేప సన్నగా ఉంటుంది. ఆన్సిస్ట్రస్‌లో మగచేప మూతి మీద కొమ్మల వంటి మీసాలు మొలిచాకే తేడా తెలుస్తుంది. ఒక్కొక్క జాతిలో పది, పన్నెండు పిల్లలను కొని ఏడాది పాటు పెంచడమే నమ్మదగిన మార్గం. అవన్నీ ఒకే తల్లి సంతానమైతే అంతఃప్రజననం వల్ల ముందుతరాలలో వంకర వెన్ను, చిన్న మొప్ప మూతలు వంటి లోపాలు హెచ్చే అవకాశం ఉంటుంది. ఇద్దరు ముగ్గురు అమ్మకందారుల నుంచి కొనడం అందుకు విరుగుడు. అయితే ఒక్కొక్కరి చేపలకు ఒక్కొక్క క్వారంటైన్ తొట్టి కావాలి. 3 లక్షల యూనిట్‌లో ఆ తొట్లకు చోటు ముందే కేటాయించాలి.

జాతి ఎంపికలో పొరపాటు మరింత ఖరీదైనది. బీగిల్ నౌకాయాత్రలో చార్లెస్ డార్విన్ సేకరించగా 1842లో జెనిన్స్ వర్ణించిన పెప్పర్డ్ కోరిడోరాస్, అంటే కోరిడోరాస్ పలియేటస్, చల్లని నీటి చేప. శీతాకాలంలో కోల్‌కతా నుంచి వచ్చి చక్కగా పెరిగిన ఈ చేపలు మన మే నెలలో, తొట్టి నీరు 31, 32 డిగ్రీలకు చేరినప్పుడు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఈ మరణాలకు మందు లేదు. కోస్తా జిల్లాలకు స్టెర్బై కోరిడోరాస్ వంటి వేడిని సహించే జాతి తగినది. ఎనియస్ మధ్యరకం. 2024లో కోరిడోరాస్ ప్రజాతిని విభజించినందున ఎనియస్ ఇప్పుడు ఆస్టియోగాస్టర్ ప్రజాతిలో, పలియేటస్ హోప్లిసోమా ప్రజాతిలో చేరాయి. అమ్మకందారుల జాబితాలలో పాత పేర్లే కొనసాగుతున్నందున విద్యార్థులు రెండూ తెలుసుకోవాలి.

అన్నిటికంటే తీవ్రమైన పొరపాటు సక్కర్ ఫిష్ పేరుతో జరుగుతుంది. తొట్టి గోడల నాచును శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే చిన్న పిల్లలలో చాలా వరకు ఆన్సిస్ట్రస్ కావు, టెరిగోప్లిక్తిస్. ఆన్సిస్ట్రస్ 12, 15 సెంటీమీటర్ల వద్ద ఆగుతుంది. ఇది 40 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. గుర్తించడం కష్టం కాదు. పృష్ఠవాజం, అంటే వెన్ను రెక్క విప్పి ముల్లు తరువాతి శలాకలను లెక్కించాలి. ఆన్సిస్ట్రస్‌లో సాధారణంగా 7 ఉంటాయి, టెరిగోప్లిక్తిస్‌లో 10 లేదా అంతకు మించి ఉంటాయి. పిల్లను పారదర్శకమైన డబ్బాలో ఉంచి భూతద్దంతో చూస్తే ఒక నిమిషంలో తేలుతుంది. కొనేటప్పుడే ఈ లెక్క వేయించడం విస్తరణ సిబ్బంది తప్పక నేర్పవలసిన అంశం.

తొట్టికి మించి పెరిగిన ఈ చేపను చంపడానికి మనసొప్పక చెరువులో వదిలిన ఫలితాన్ని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మత్స్యకారులు డెవిల్ ఫిష్ పేరుతో అనుభవిస్తున్నారు. గట్టి పలకలు, ముళ్ళు గల ఈ చేప వలలను చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, అమ్ముడుపోదు. నీటిలోని డి.ఎన్.ఏ. ఆనవాళ్ల ద్వారా దీని ఉనికిని కనిపెట్టే పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు రూపొందించారు. అలంకార చేపల యూనిట్ పెట్టినవారి వద్ద మిగిలిన, అమ్ముడుపోని జెల్ల చేపలు ఏ జాతివైనా చెరువుకు, కాలువకు చేరకూడదు. వాటిని అమ్మకందారు తిరిగి తీసుకుంటాడా అన్నది కొనే రోజునే తేల్చుకోవాలి. తీసుకోని పక్షంలో వాటిని లవంగ నూనె కలిపిన నీటిలో నిర్జీవం చేసి పాతిపెట్టాలని లబ్ధిదారులకు శిక్షణలోనే చెప్పాలి.