అయిదుగురు కుమార్తెల అచ్చుకూటము

మన సువార్త కూటముల కరపత్రములు కొంతకాలము క్రిందటి వరకు ట్రెడిల్ ప్రెస్సుల మీదనే అచ్చయ్యేవి. తండ్రి అక్షరాలు కూర్చితే, తల్లీ పిల్లలూ కాగితాలు మడిచేవారు. అలాంటి కుటుంబమొకటి బెల్జియం దేశపు ఆంట్‌వర్ప్ నగరములో మూడువందల ఏండ్లకు పైగా అచ్చుపని చేసింది. ఆ సంగతి మన గృహములకు తెలియాలని మేము వ్రాస్తున్నాము.

క్రిస్టోఫ్ ప్లాంటిన్ ఫ్రాన్సులో పుట్టి, పుస్తకాలకు బైండింగు చేసి బ్రతికినవారు. ఒక రాత్రి వీధిలో దుండగులు మరొకరనుకొని ఆయనను పొడిచారు. భుజము దెబ్బతిని ఆ పని సాగక, 1555లో అచ్చుపనికి దిగారు. ఆయన మన ప్రొటెస్టెంటు సంఘస్థుడు కారు. అయినా 1562లో ఆయన ఊరిలో లేని వేళ పనివారు కాల్విన్ పక్షపు చిన్న పుస్తకము అచ్చువేయగా, ఆయన సామానంతా వేలానికి పోయింది. మరల మొదటినుండి కట్టుకొన్నారు.

1568 నుండి 1572 వరకు ఆయన అచ్చువేసినది గొప్ప బైబిలు. హెబ్రీ, కల్దీయ, సురియ, గ్రీకు, లాటిను భాషలలో 8 సంపుటములు, ఇంచుమించు 1,200 ప్రతులు. అచ్చు అక్షరములను ఒక్కొక్కటే ఏరి, కుడి ఎడమలు తారుమారుగా పేర్చాలి. తోలుబంతులతో సిరా అద్ది, తడి కాగితము పరచి, చేతితో మర లాగాలి. కొన్ని పుటలు ముగియగానే ఆ అక్షరాలు విడదీసి తరువాతి పుటలకు వాడాలి. కనుక తప్పులన్నీ ప్రూఫులోనే దొరకాలి. దొరకకపోతే దేవుని వాక్యములో ఆ తప్పు పన్నెండువందల సార్లు నిలిచిపోతుంది.

ఈ ప్రూఫులు చదివినవారిలో ఆయన కుమార్తెలున్నారు! అయిదుగురిలో పెద్దవారు నలుగురు, నాలుగైదేండ్ల వయస్సు మొదలు పన్నెండేండ్ల వరకు, ఏ భాషయైనా సరే ప్రూఫులు చదివి సహాయపడ్డారని ఆయనే 1570లో ఒక ఉత్తరములో వ్రాశారు. నాలుగవ కుమార్తె మాగ్దలేనాకు అప్పటికి పదమూడేండ్లు. బైబిలు పనిని పర్యవేక్షించే పండితుడు అరియాస్ మోంటానో బసకు ఆ పిల్ల ప్రూఫులు తీసుకొనిపోయి, అయిదు భాషల మూలములూ చదివేది. ఆడపిల్లకు చదువెందుకని మన పల్లెలలో ఇంకా అనేవారున్నారు. వారి యెదుట ఈ పేరు చెప్పండి.

ఈ బైబిలుకు పోషకుడైన స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్పు మాట ఇచ్చిన సొమ్మంతా పంపలేదు. అప్పులు మిగిలాయి. 1576లో ఆ రాజు సైనికులే నగరాన్ని దోచినప్పుడు, ప్లాంటిన్ తొమ్మిదిసార్లు సొమ్ము చెల్లించి ఇంటిని కాపాడుకొన్నారు. అంతకుముందు 16 ప్రెస్సులు నడిపిన చోటది.

1589లో ఆయన మరణించగా రెండవ కుమార్తె మార్టీనా, ఆమె భర్త యాన్ మొరేటస్ ఆ పని చేపట్టారు. 1610లో భర్త పోయిన పిమ్మట మార్టీనా కుమారులతో కలిసి నిలబెట్టింది. వారిలో బల్తజార్‌కు కుడి ప్రక్క పక్షవాతము. అతని స్నేహితుడే చిత్రకారుడు రూబెన్స్. వారి గ్రంథముల ముఖపత్రములకు బొమ్మలు గీసి ఇచ్చాడు.

1876లో ఆ కుటుంబము ఇంటిని, ప్రెస్సులను, అక్షరములను నగరానికి అమ్మివేసింది. మరుసటి ఏడు అది మ్యూజియమైంది. లోకములో మిగిలినవాటిలో మిక్కిలి పాతవైన రెండు ప్రెస్సులు, సుమారు 1600 నాటివి, నేటికీ అక్కడ ఉన్నాయి. ప్రక్కనే ప్రూఫులు దిద్దేవారి గది, కిటికీ వెలుతురులో వారి బల్ల.