వెలుగుకూ ఓ గది!

సెలూన్‌లో కూర్చుంటే ముందో అద్దం, వెనకో అద్దం. మాడుగులపల్లిలోనైనా మాదాపూర్‌లోనైనా అంతే... ముఖం ఒక్కటే, ప్రతిబింబాలు బోలెడు! మరి ఆ అద్దాలను వెంట్రుక మందంలో వందోవంతు కన్నా దగ్గరికి తెస్తే? మధ్యలో చిక్కిన వెలుగు తీరే మారిపోతుంది. ఆ చిత్రం వెనకున్న లెక్కల్లో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది.

చోటును బట్టి వెలుగు

పరమాణువు తన శక్తిని ఎంత త్వరగా వదులుతుందన్నది చుట్టూ ఉన్న 'గది'ని బట్టి మారుతుందని 1946లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ చెప్పారు. గోడలు మరీ నున్నటి అద్దాలైతే? వదిలిన వెలుగు బయటికి పోలేక పరమాణువు దగ్గరికే తిరిగొస్తుంది. అది మింగుతుంది, మళ్లీ వదులుతుంది.

బిగించి కట్టిన తాడుకు ఒకే పొడవున్న రెండు లోలకాలు వేలాడదీసి చూడండి. ఒకదాన్ని ఊపితే కాసేపటికి అది ఆగి రెండోది ఊగుతుంది. ఆ తర్వాత మళ్లీ మొదటిది! ఇలా జతకట్టిన వాటికి ఊగే వేగాలు రెండు. వెలుగు విషయంలోనూ అంతే... ఒక్క రంగు ఉండాల్సిన చోట రెండు కనిపిస్తాయి. గదిలో ముందుగా వెలుగేమీ లేకపోయినా సరే!

హైదరాబాద్ లెక్క

వెలుగు వెలువడేటప్పుడు ఈ చీలిక కనిపిస్తుందని 1983లో ఎబర్లీ బృందం ప్రకటించింది. పరమాణువులు వెలుగును పీల్చుకునేటప్పుడూ కనిపిస్తుందని మరుసటి ఏడాదే 'ఫిజికల్ రివ్యూ లెటర్స్'లో రాశారు గిరీష్ అగర్వాల్. అప్పుడాయన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. పరమాణువులు నాలుగింతలైతే చీలిక రెండింతలవుతుందన్నది ఆ లెక్క.

ఎనిమిదేళ్లు గడిచాయి. 1992లో జపాన్‌లో క్లాడ్ వైస్‌బుష్ బృందం సెమీకండక్టర్ పొరల్లోనే ఆ చీలికను చూసింది. ఒక పదార్థం పొర, దానిపై మరో పదార్థం పొర... ఇలా పేర్చుకుంటూ పోతే అదే అద్దం! రెండు అద్దాల మధ్య పలుచటి పొరలో వెలుగూ పదార్థమూ కలిసిపోయి సగం అదీ సగం ఇదీ అయిన 'పోలరిటాన్'గా మారతాయి. 2006లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ శాస్త్రవేత్తలు, సుమారు మైనస్ 254 డిగ్రీల చలిలో ఇలాంటివన్నీ ఒకే స్థితిలోకి చేరడం చూపించారు.

ఎందుకిదంతా?

ఇలాంటి బుల్లి గదిలో అతి చిన్న సెమీకండక్టర్ చుక్కను ఉంచితే, అడిగినప్పుడల్లా ఒక్కో వెలుగు కణాన్ని, అదీ ఒకే దిక్కుకు పంపించవచ్చు. క్వాంటమ్ కంప్యూటర్లకు, ఎవరూ దొంగచాటుగా చదవలేని సందేశాలకు కావలసింది అదే. దారిలో ఎవరైనా ఆ కణాన్ని పట్టుకుని చూస్తే గుట్టు తెలిసిపోతుంది మరి. గదిని సరిగ్గా కడితే వెలుగు కూడా చెప్పిన మాట వింటుంది!