పెద్దవారి చర్మం చిరిగితే, లేచిన తోలును కత్తిరించకండి



మంచం మీద నుండి లేపడానికి మామ్మ చేయి పట్టుకుంటాము. వదిలి చూసేసరికి ముంజేతి మీద తోలు తడిసిన కాగితంలా లేచిపోయి రక్తం కారుతూ ఉంటుంది. "గట్టిగా పట్టుకోనైనా లేదే!" అని కోడలు కంగారు పడుతుంది. ఇరుగుపొరుగు వారు ఏమనుకుంటారోనని పాత గుడ్డతో కట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటుంది. చీము పట్టిన తరువాత గానీ ఆసుపత్రికి తీసుకురారు. ఈ ఆలస్యమే చిన్న గాయాన్ని పెద్ద పుండుగా మారుస్తుంది.

ఇది అరుదైన గాయమా?

కాదు. కెనడా దేశంలోని ఆంటారియో వృద్ధాశ్రమాలలో పరీక్షించినప్పుడు సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇటువంటి గాయం కనిపించింది. శిక్షణ పొందిన నర్సుల సంరక్షణలో ఉన్నవారికే ఇలా జరుగుతున్నప్పుడు, మన ఇళ్లలో జరిగితే దానిని నేరంగా చూడకూడదు. సిగ్గుపడి దాచనూ కూడదు. అయితే ఒకే మనిషికి మాటిమాటికీ గాయాలవుతుంటే కారణం తప్పక తెలుసుకోవాలి.

ఎందుకు చిరుగుతుంది?

మన చర్మంలో పై పొర, లోపలి పొర ఒకదానిలో ఒకటి పళ్లు కలిసినట్టు అతుక్కుని ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. చర్మం కింద కొవ్వు తగ్గుతుంది, నూనె ఊరడమూ తగ్గుతుంది. అందుచేత చిన్న రాపిడికే పై పొర జారి లేచిపోతుంది. ముంజేతులు, మోకాలి కింద ముందు భాగం ఎక్కువగా దెబ్బతింటాయి.

మోకాళ్ల నొప్పులకని చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడినవారి చర్మం మరీ పలుచబడుతుంది. (అలాగని వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, డాక్టరును అడగండి.) మన జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వంటి ఉద్దానం మండలాలలో కిడ్నీ జబ్బుతో బాధపడేవారు చాలామంది ఉన్నారు. ఈ జబ్బులో చర్మం ఎండి దురద పెడుతుంది. గోకుడుకు గాయాలవుతాయి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు వలన రక్తం త్వరగా ఆగకపోవచ్చు. వీరి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

గాయమైన వెంటనే ఏమి చేయాలి?

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి. గాయమైన చేయి లేక కాలు ఎత్తుగా ఉంచండి.

2. కాచి చల్లార్చిన నీటితో లేక సెలైన్‌తో కడగండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, కిరసనాయిలు వేయవద్దు.

3. లేచిన తోలును కత్తిరించవద్దు, లాగవద్దు. తడిపిన గాజుగుడ్డతో మెల్లగా నెట్టుతూ దాని స్థానంలో పరచండి. గాయానికి అదే మంచి కప్పు.

4. మందుల షాపులో దొరికే, వ్యాసలిన్ వంటి మందు పూసిన అంటుకోని గాజుగుడ్డ వేసి, పైన బ్యాండేజీ వదులుగా చుట్టండి. చర్మానికి ప్లాస్టరు అంటించవద్దు. దానిని తీసేటప్పుడు మరొక చోట తోలు లేస్తుంది.

5. కట్టు తడవకుండా, మురికి కాకుండా ఉంటే రోజూ విప్పవద్దు. విప్పవలసిన వైపు తెలిసేలా కట్టు మీద పెన్నుతో బాణం గుర్తు వేయండి. తోలు లేచిన వైపు నుండి విప్పితే అది మళ్లీ ఊడివస్తుంది.

ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలేమో దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో అడగండి. రక్తం ఆగకపోయినా, తోలు నల్లబడినా, గాయం చుట్టూ ఎర్రబడి వాచినా, చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా ఆలస్యం చేయవద్దు. షుగరు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు చిన్న గాయమైనా చూపించుకోవాలి.

రాకుండా ఏమి చేయాలి?

2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, వృద్ధాశ్రమాలలోని వారి చేతులకు, కాళ్లకు రోజుకు రెండుసార్లు చర్మాన్ని మెత్తబరిచే లేపనం రాయగా ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. లేపనం కొనలేనివారు కొబ్బరి నూనె రాయవచ్చు. స్నానం తరువాత చర్మం కొంచెం తడిగా ఉన్నప్పుడే, రుద్దకుండా పూయాలి. జారిపడకుండా అరికాళ్లకు మాత్రం రాయకండి.

స్నానంలో పీచుతో రుద్దవద్దు. లేపేటప్పుడు ముంజేయి పట్టి లాగక, వీపు కింద చేయి వేసి లేపండి. సేవ చేసేవారు గోళ్లు తీసుకోవాలి, గాజులు, వాచీ తీసి ఉంచాలి. మంచం పట్టెకు పాత దుప్పటి చుట్టండి. పొడుగు చేతుల చొక్కా, జాకెట్టు వేయండి. రాత్రి దీపం ఉంచండి. పప్పు, గుడ్డు, చేప వంటి బలమైన ఆహారం పెట్టండి (కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పినట్టు తినాలి).

వలస వెళ్లిన బిడ్డల తల్లిదండ్రులు మన ఊళ్లలో ఒంటరిగా ఉన్నారు. ఆదివారం ఆరాధన తరువాత ఒకసారి వారిని పలకరించి, చేతులు, కాళ్లు చూడండి. మంచి సమరయుడు గాయపడినవానిని చూసి తప్పుకుపోలేదు, దగ్గరకు వెళ్లి కట్టు కట్టాడు. ఆ రోజులలో గాయంలో నూనె పోసేవారు. మనం గాయం కాకముందే ఆ నూనెను పెద్దవారి చర్మానికి ప్రేమతో రాద్దాము.