కరెంటు వచ్చాక కూడా పంపు ఎందుకు తిరగదు?

2019 ఆగస్టు 9, శుక్రవారం. సాయంత్రం 4 గంటల 52 నిమిషాల 33 సెకన్లకు ఇంగ్లండ్‌లోని ఈటన్ సోకన్–వైమండ్లీ హైటెన్షన్ లైను మీద పిడుగు పడింది. 0.1 సెకను లోపే రక్షణ రిలేలు ఆ లోపాన్ని తొలగించాయి. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ హార్న్‌సీ సముద్ర పవన విద్యుత్ కేంద్రం ఒక్కసారిగా 737 మెగావాట్లు తగ్గించేసింది. లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రంలో స్పీడ్ సెన్సర్ల రీడింగులు ఒకదానితో ఒకటి కలవక, 244 మెగావాట్ల స్టీమ్ టర్బైన్ ఆగిపోయింది. అదే కేంద్రంలోని గ్యాస్ టర్బైన్లు, ఊళ్లలోని చిన్న ఉత్పత్తిదారులతో కలిపి రెండు నిమిషాల్లో పోయినది 1,878 మెగావాట్లు. గ్రిడ్ చేతిలో ఉన్న రిజర్వు సుమారు 1,000 మెగావాట్లు మాత్రమే. ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడిపోగానే దాదాపు 11 లక్షల కనెక్షన్లు ఆటోమేటిక్‌గా తెగిపోయాయి. 5 గంటల 37 నిమిషాలకల్లా అందరికీ కరెంటు తిరిగి వచ్చింది.

నీళ్ల విషయానికొస్తే, పైపుల్లో ఒత్తిడి పెంచే బూస్టర్ పంపింగ్ స్టేషన్లు ఆగిపోయి సుమారు 3,000 మందికి సరఫరా దెబ్బతింది. ఒక చమురు శుద్ధి కర్మాగారం పరిస్థితి ఇంకా విచిత్రం. గ్రిడ్ దానికి కరెంటు ఆపలేదు. ఫ్రీక్వెన్సీ పడిపోవడం చూసి దాని సొంత రక్షణ వ్యవస్థే గ్రిడ్ నుంచి విడిపోయింది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి వారాలు పట్టింది.

అందుకే నీటి శుద్ధి ప్లాంటులో ఏదైనా ఆగినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే: బయట సరఫరా పోయిందా, లేక చిన్న తడబాటుకే మన యంత్రం చేతులెత్తేసిందా? నా అంచనాలో చాలా ప్లాంట్లు ఈ ప్రశ్న వేసుకోకుండానే రీసెట్ బటన్ నొక్కేస్తాయి. దాంతో ఆధారం చెరిగిపోతుంది.

ముందు గడియారం చూడాలి. ప్లాంటును నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ), మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్, జనరేటర్ ప్యానెల్ మూడింటిలోనూ అలారం చరిత్ర ఉంటుంది. అందులో మొట్టమొదటి అలారమే కావాలి, మిగతావి దాని వెంట వచ్చినవే. ఈ మూడింటి సమయం ఒకటిగా లేకపోతే ఏది ముందు, ఏది వెనక అని తేల్చే దారి ఉండదు.

తర్వాత వోల్టేజీ. బ్రిటన్‌లో సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు. చట్టం ప్రకారం 10 శాతం ఎక్కువ, 6 శాతం తక్కువ ఉండొచ్చు, అంటే 216 నుంచి 253 దాకా. త్రీఫేజ్‌కు 376 నుంచి 440. ఫ్రీక్వెన్సీ 49.5–50.5 హెర్ట్జ్. యంత్రం ఆగిపోయాక మీటరు పెట్టి చూస్తే సాధారణంగా అంతా ఈ పరిమితుల లోపలే ఉంటుంది. ఎందుకంటే తడబాటు అప్పటికే వచ్చి వెళ్లిపోయింది. 50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. నీళ్లలోని క్రిములను చంపే యూవీ దీపానికి వోల్టేజీ 10 నుంచి 30 శాతం తగ్గి, అది 0.5 నుంచి 3 సైకిళ్లు ఉంటే చాలు, ఆర్క్ ఆరిపోవచ్చు. మీడియం ప్రెషర్ దీపం చల్లారి, మళ్లీ వెలిగి, పూర్తి బలానికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో నీటిని ముందుకు పంపకూడదు కాబట్టి ప్లాంటు తనంతట తానే ఆగుతుంది. రెప్పపాటు తడబాటుకు చాలాసేపు ఆగిపోవడం వెనక కథ ఇది.

అన్నిటికన్నా మోసం చేసేది ఫేజు పోవడం. తిరుగుతున్న మోటారుకు మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అది వెంటనే ఆగదు. మిగతా రెండు ఫేజుల నుంచి సుమారు 1.73 రెట్లు కరెంటు లాగుతూ వేడెక్కుతుంది. పైగా పోయిన ఫేజు టెర్మినల్ దగ్గర తనే వోల్టేజీ పుట్టిస్తుంది. మల్టీమీటరు పెడితే దాదాపు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. క్లాంప్ మీటరు పెడితేనే ఆ వైరులో సున్నా అని తెలుస్తుంది. పంపు ట్రిప్ అయితే వోల్టేజీతో పాటు మూడు వైర్లలో కరెంటు కూడా కొలవాలనేది ఇందుకే.

ఫేజు పూర్తిగా పోకపోయినా ప్రమాదమే. మూడు ఫేజుల మధ్య 415, 410, 390 వోల్టులు వచ్చాయనుకుందాం. ప్రతి అంకె చట్టపరిమితి లోపలే ఉంది. సగటు 405, అందులోంచి అత్యధిక తేడా 15, అసమతుల్యత 3.7 శాతం. మోటారులో కరెంటు అసమతుల్యత దీనికి 6 నుంచి 10 రెట్లు ఉంటుంది. వైండింగ్ ఉష్ణోగ్రత పెరుగుదల సుమారు 27 శాతం ఎక్కువవుతుంది. ఓవర్‌లోడ్ రిలేను తిట్టి, సెట్టింగు పెంచితే కాలేది మోటారే.

మురుగు శుద్ధి కేంద్రాల్లో బయోగ్యాస్ ఇంజన్లు ఉంటే ఇంకో చోటు కూడా చూడాలి. ఆ శుక్రవారం ఫ్రీక్వెన్సీ మారే వేగాన్ని పసిగట్టే రిలేలు చిన్న జనరేటర్లను విడదీయడం వల్ల సుమారు 350 మెగావాట్లు పోయాయి. పాత సెట్టింగు సెకనుకు 0.125 హెర్ట్జ్, దాన్ని 1 హెర్ట్జ్‌కు మార్చే కార్యక్రమం బ్రిటన్‌లో ఆ ఏడాదే మొదలైంది. ఇంజను బాగానే ఉన్నా పాత అంకె దాన్ని ఆపేయగలదు.

మోటారు ఇన్సులేషన్ పరీక్ష మాత్రం సరఫరా కట్ చేసి, తాళం వేసి, కరెంటు లేదని రుజువు చేసుకున్నాకే. డ్రైవ్‌ నుంచి మోటారును విడదీసి 500 వోల్టుల డీసీతో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. కనీసం 1 మెగాఓమ్ రావాలి. డ్రైవ్ లోపల కెపాసిటర్లలో సుమారు 565 వోల్టులు సరఫరా కట్ చేశాక కూడా కొన్ని నిమిషాలు నిలిచి ఉంటాయి. తయారీదారు చెప్పినంత సమయం ఆగకుండా మూత తీయడానికి ఏ అత్యవసరమూ సాకు కాదు.

ఇక జనరేటరు. 2019 ఆగస్టు 9 నాటి ఆ సాయంత్రమే ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో బ్యాటరీ లోపం వల్ల ఒక జనరేటరు పనిచేయలేదు. లోడు లేకుండా పది నిమిషాలు నడిపి సంతకం పెట్టే పరీక్ష ఆటోమేటిక్ మార్పిడి స్విచ్ గురించి ఏమీ చెప్పదు. ప్లాంటు బాధ్యత మీదే అయితే ఈ నెలలోనే ఒక రోజు ట్యాంకులు నింపుకుని, సిబ్బందిని పక్కన పెట్టుకుని, మెయిన్ సరఫరా నిజంగా ఆపి చూడండి. ఏది ఎన్ని సెకన్లకు తిరిగి మొదలైందో, ఏది మొదలవలేదో రాసుకోండి. నిజమైన ట్రిప్ వచ్చిన రోజు రీసెట్ నొక్కే ముందు ప్రతి డిస్‌ప్లేనూ ఫొటో తీయండి.