గాజుపెట్టెలో అడవి నేల

కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు వైపు చాలా మేర నల్లరేగడి నేల. కాలువ నీళ్లు అందిన చోట వరి, అందని చోట పత్తి, మిరప, శనగ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఇలాంటి ఊళ్లో, ఒక ఇంటి మూల గాజుపెట్టెలో తూర్పు ఆఫ్రికా కొండల అడవి నేలను బతికించవచ్చా? బతికించవచ్చు. అయితే పెట్టె కొనే ముందు ఆ నేల ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

ఆ నేల మీద తిరిగేవి మరుగుజ్జు ఊసరవెల్లులు. టాంజానియాలోని ఉసాంబర, ఉలుగురు కొండల్లో దొరికే రీపెలియాన్ బ్రెవికాడేటస్ తోకతో కలిపి దాదాపు 8 సెంటీమీటర్లే ఉంటుంది. గోధుమ రంగు ఒళ్లు, దాని మీద ఆకు ఈనెల్లాంటి గీతలు. రాలిన ఆకుల మధ్య కదలకుండా నిలబడితే పక్కనే ఉన్నా కనిపించదు. పగలు నేల మీద తిరిగి, చీకటి పడేసరికి సన్నటి పుల్ల ఎక్కి పడుకుంటుంది. పాము దగ్గరికొస్తే ఆ పుల్ల అదిరి దీనికి మెలకువ వస్తుంది. చేత్తో పట్టుకుంటే ఒళ్లంతా సన్నగా అదురుతుంది, ఆ అదురు వేళ్లకు తెలుస్తుంది. గిన్నెలో నీళ్లు పెట్టినా తాగదు, ఆకు మీది చుక్కలే తాగుతుంది.

దీని బంధువు రాంఫోలియాన్ స్పైనోసస్ నాలుక కథ మరీ ఆశ్చర్యం. 2016లో అమెరికా శాస్త్రవేత్త క్రిస్టోఫర్ ఆండర్సన్ 20 జాతుల ఊసరవెల్లుల నాలుక వేగాన్ని హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. అన్నిటిలోకీ చిన్నదే అందరికన్నా ముందు నిలిచింది. దాని నాలుక శరీరం పొడవుకు రెండున్నర రెట్ల దూరం వెళ్లింది, త్వరణం గురుత్వాకర్షణకు 264 రెట్లు. కండ బలం ఒక్కటే అంత వేగం ఇవ్వలేదు. కండరం ముందుగా నాలుకలోని సాగే కణజాలాన్ని బిగించి ఉంచుతుంది, వదిలిన క్షణంలో ఆ శక్తంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. చిన్న ఒంటికి ఆకలి ఎక్కువ, దొరికిన పురుగును వదులుకునే వీలు దానికి లేదు.

ఇంత చిన్న జీవికి ఇల్లు కూడా చిన్నదే కావడం దాని కష్టం. మలావీ దేశంలోని మలావీ హిల్ అడవిలో ఉండే చాప్మన్ మరుగుజ్జు ఊసరవెల్లిని 1992లో కొత్త జాతిగా వర్ణించారు. 1980ల నుంచి 2017 వరకు ఆ అడవిలో ఐదింట నాలుగు వంతులు నరికివేతకు పోయింది. జాతి అంతరించిందేమోనని భయపడుతుండగా 2016లో శాస్త్రవేత్త క్రిస్టల్ టోలీ బృందానికి మిగిలిన అడవి తునకల్లో అది మళ్లీ కనిపించింది. కొండ కింద పొలాలొచ్చాయి. ఒక తునకలోని జంతువు పొలం దాటి ఇంకో తునకకు పోలేదు. దానికి కావలసిన చెమ్మ, నీడ ఆకుల కిందే ఉన్నాయి. గాజుపెట్టెలో మనం కట్టాల్సింది ఆ చెమ్మనూ నీడనూ.

గాజులో మొక్కలు బతుకుతాయని లోకానికి చాటింది లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్. 1829లో చిమ్మట ప్యూపాను తడిమట్టితో ఒక సీసాలో మూసి పెడితే, ఆ మట్టిలోంచి ఫెర్నూ గడ్డీ మొలిచాయి. మట్టి నుంచి లేచిన ఆవిరి గాజుకు తగిలి చుక్కలై మళ్లీ మట్టిలోకే దిగింది. ఆ సూత్రంతో చేసిన పెట్టెల్లోనే వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కలను హిమాలయాల తోటలకు చేర్చాడు. వార్డ్ పెట్టెకు నేటివాళ్లు కలిపింది నేలను శుభ్రం చేసే జీవులను. దానికే బయోయాక్టివ్ టెర్రేరియం అని పేరు.

ఇక కట్టే పనికి వద్దాం. అడుగున నాలుగైదు సెంటీమీటర్ల మందాన పెంకు, ఇటుక ముక్కలు పరచాలి. ఎక్కువైన నీళ్లు అక్కడికి దిగుతాయి, వేర్లు మునగవు. దాని మీద దోమతెర గుడ్డ వేస్తే మట్టి జారదు. ఆ పైన మట్టి. ఇక్కడే మన ప్రాంతపు చిక్కు. చేతికి అందేది నల్లరేగడి, పెట్టెకు పనికిరానిది కూడా అదే. అందులోని బంకమట్టి రేణువుల పొరల మధ్యకు నీళ్లు చేరి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. పత్తి వేరుకు లోతుగా తేమ దాచిపెట్టే ఆ గుణమే పెట్టెలో గాలి ఆడనివ్వకుండా చేస్తుంది. గాలి లేని తడిమట్టిలో వేరు కుళ్లి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అందుకని కొబ్బరి పీచు పొట్టు రెండు పాళ్లు, కడిగిన ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు ఒక పాలు, గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపితే మేలు. పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి.

పైన ఎండుటాకులు రెండు వేళ్ల మందాన వేయాలి. రావి, మర్రి, బాదం ఆకులు మంచివి. వేపాకు వద్దు, అందులోని అజాడిరక్టిన్ పురుగుల కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. పత్తి చేల గట్ల మీది ఆకులు అసలే వద్దు. చేలల్లో చల్లే మందు ఆకుల మీద చేరి ఉంటే, పెట్టెలో పని చేయాల్సిన జీవులన్నీ ఒక్క రోజులో చస్తాయి. ఆ జీవులు లేకపోతే మీ చేతిలో ఉన్నది మామూలు మొక్కల పెట్టే.

పూలకుండీ కింద తడిసిన ఆకును ఎత్తి చూడండి. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు చటుక్కున ఎగురుతాయి. అవి స్ప్రింగ్‌టెయిల్స్. పొట్ట కింద మడిచి పెట్టుకున్న పంగలకర్ర లాంటి అవయవాన్ని వదిలి ఎగురుతాయి. బూజు వీటి తిండి. మూత ఉన్న డబ్బాలో తడి బొగ్గు, నాలుగు బియ్యపు గింజలు వేసి పెంచుకోవచ్చు. ఒంటికి నీళ్లంటవు కాబట్టి డబ్బాలో నీళ్లు పోస్తే పైకి తేలతాయి, తేలినవాటిని పెట్టెలోకి వంపేయడమే. తడి ఇటుకల కింద కనిపించే బూడిద రంగు, ఏడు జతల కాళ్ల ఐసోపాడ్లు రెండో బృందం. ఇవి రొయ్యకూ పీతకూ చుట్టాలు, తడి లేకపోతే ఊపిరి ఆడదు. ఆకులను కొరికి పొడి చేస్తాయి. పైపెంకు గట్టిపడటానికి సున్నం కావాలి, కోడిగుడ్డు పెంకు పొడి చల్లితే చాలు.

ఇప్పుడు చక్రం చూడండి. బల్లి రెట్టలో తెల్లటి కొస కనిపిస్తుంది కదా, అది యూరిక్ ఆమ్లం. ఊసరవెల్లిదీ అంతే. దాన్ని సూక్ష్మజీవులు అమోనియాగా, మరో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్క వేరు పీల్చుకుంటుంది. ఫెర్న్, నాచు, మనీప్లాంట్ చాలు. ఈ చక్రం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో బూజు తెల్లగా కమ్ముతుంది. కంగారుపడి తుడిచేయకండి, స్ప్రింగ్‌టెయిల్స్ పెరిగేది దాన్ని తినే. నీళ్లు వాననీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడండి. ఉప్పున్న బోరు నీళ్లు గాజు మీద తెల్లటి మరకలు వదులుతాయి, మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

అన్నిటికన్నా కష్టం ఎండ. ఈ మరుగుజ్జులకు పగలు 20 నుంచి 25 డిగ్రీలు హాయి, రాత్రికి ఇంకా తగ్గాలి. ఎక్కువసేపు 30 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కుండ చెమర్చి, ఆ చెమ్మ పొడిగాలిలో ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్ల. పెట్టె లోపల చెమ్మ నిండుగా ఉండాలి, అంటే అక్కడ నీళ్లు పెద్దగా ఆవిరవ్వవు, చల్లదనం పుట్టదు. మూత తీస్తే చల్లబడుతుంది, చెమ్మ పోతుంది. మూస్తే చెమ్మ నిలుస్తుంది, వేడి పోదు. కాబట్టి చల్లబరచడం పెట్టె బయటే జరగాలి. ఉత్తరపు గది, నేల మీద చోటు, గాజు చుట్టూ తడి గోనెపట్టా, ఎదురుగా ఫ్యాన్. మన పొడి ఎండలో ఇది బాగానే పనిచేస్తుంది. కిటికీ ఎండలో మాత్రం పెట్టకండి, గాజు వేడిని లోపలే బంధిస్తుంది. ఇన్ని చేసినా మే నెల మధ్యాహ్నం 25 డిగ్రీలు నిలవవు. ఏసీ ఉండి, కరెంటు కోత లేని ఇల్లు కావాలి.

అందుకే నా మాట సూటిగా చెబుతాను. పెట్టె కట్టండి, ఊసరవెల్లిని తేకండి. తూర్పు ఆఫ్రికా మరుగుజ్జుల రెండు ప్రజాతులనూ 2016లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. అలాంటి జంతువు దగ్గరుంటే మన దేశంలో 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కాగితాల సంగతి అలా ఉంచినా, చల్లని కొండ జీవిని కౌతాళం ఎండకు తేవడం న్యాయం కాదు. నాచు, ఫెర్న్, ఆకులు, ఆ చిన్న పురుగులు ఉంటే చాలు, పిల్లలు రోజూ చూసి నేర్చుకోవడానికి చక్రం నిండుగానే తిరుగుతుంది.

ఊసరవెల్లిని చూడాలంటే మన ముళ్లపొదల్లోనే ఉంది. దేశంలో ఉన్న ఒకే ఒక్క జాతి, కెమీలియో జైలానికస్. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత, కానీ రెండూ వేర్వేరు కుటుంబాలు. ఊసరవెల్లి కళ్లు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు విడివిడిగా తిరుగుతాయి, వేళ్లు రెండు కట్టలుగా కొమ్మను పట్టుకుంటాయి. చూస్తే అరిష్టమని, విషమని కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి విషం లేదు. పట్టినా, చంపినా, ఇంట్లో పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గుడ్లు పెట్టడానికి ఆడది చెట్టు దిగి నేల తవ్వుతుంది, అప్పుడే రోడ్ల మీద బండ్ల కింద పడుతుంది. ఊగుతూ మెల్లగా దారి దాటుతున్నది కనిపిస్తే బండి ఆపండి. ఒక పుల్ల అందించి, అది ఎటు పోతుందో ఆ వైపు పొదలోకి చేర్చి మీ దారిన మీరు వెళ్లండి.