పాత చంద్రికలతో కోళ్ల దొడ్డికి పైకప్పు

గద్ద రోజుకో పిల్లను ఎత్తుకుపోతే పొదిగించిన శ్రమంతా వృథా. పైకప్పుకు రేకులే కొనక్కర్లేదండి. లేపాక్షి, హిందూపురం పక్క పట్టుపురుగులు పెంచే ఇళ్లలో, ప్లాస్టిక్ నేత్రికలు వచ్చాక పాత వెదురు చంద్రికలు మూలన పడి ఉంటాయి. రేకు ఎండకు కాగుతుంది, చంద్రికలోంచి గాలి ఆడుతుంది.

12×8 అడుగుల దొడ్డికి 8 అడుగుల గుంజలు ఆరు తీసుకుని, రెండడుగుల లోతు పాతండి. పైన జీఐ తీగ లాగండి. 12 అడుగుల పడమటి పక్క పొడవునా 6×4 చంద్రికలు రెండు కట్టండి. మధ్యాహ్నం నీడ దొడ్డిలోకే పడుతుంది. మొత్తం మీద, చుట్టూ అంగుళం కన్ను నైలాన్ వల బిగించండి. వల వేలాడితే కోడి ఎగిరి చిక్కుకుంటుంది.

చంద్రికలకు ఫార్మలిన్, బ్లీచింగ్ తగిలి ఉంటాయి. బాగా కడిగి, మూడు రోజులు ఎండబెట్టాకే వాడండి. వానకు ఇది ఆగదు, రాత్రి గూడు వేరే ఉండాల్సిందే. తీగ బిగించే తీరు వీడియోలో చూడండి.