పెదవేగి దిబ్బల కింద వేంగి

ఏలూరుకు ఉత్తరాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. ఆ పేరు చెబితే ఇవాళ రైతులకు పామాయిల్ తోటలు, ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ గుర్తొస్తాయి. శాలంకాయన రాజులు ఏలిన వేంగీపురం ఇదే.

ఈ నగరం ఆచూకీ మొదట చెప్పినవి రాగిరేకులు. దానమిచ్చిన పొలం వివరాలు సన్నటి రేకుల మీద చెక్కించి, రంధ్రంలో కడియం దూర్చి, దాని అతుకు మీద రాజముద్ర వేసేవారు. ముద్ర పగలగొట్టకుండా రేకు మార్చడం కుదరదు. శాలంకాయన రాజు విజయ దేవవర్మ ఇచ్చిన ఏలూరు శాసనం ప్రాకృతంలో ఉంది. కొల్లేరు శాసనంగా పేరుపడి, 1876లో శాసన పరిశోధకుడు ఫ్లీట్ ప్రచురించిన విజయ నందివర్మ రేకులు సంస్కృతంలో ఉన్నాయి. భాష మారిన తీరు, అక్షరాల వంపులు చూసి ఏది ముందో ఏది వెనకో లిపి పండితులు తేల్చారు. రెండూ వెలువడింది వేంగీపురం నుంచే. నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీద కూడా వేంగి రాజు హస్తివర్మ పేరుంది.

ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధాని వేంగి చుట్టుకొలత చైనా కొలతలో ఇరవై ‘లీ’ అని రాశాడు. మన లెక్కలో ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. అంత నగరం ఏమైంది? మట్టిగోడల ఇల్లు కూలితే ఆ మట్టినే చదును చేసి పైన మరో ఇల్లు కడతారు. తరాలు గడిచేసరికి ఊరే దిబ్బవుతుంది. అడుగున పాత పొర, పైన కొత్త పొర. పెదవేగిలో 1980లలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. కానీ ఊరు ఊరంతా పాత నగరం మీదే కాపురముంటోంది, తవ్వింది చాలా కొద్ది. 

నగరం ఏమైందన్నది ఒక చిక్కుముడి, రెండోది కొల్లేరు సరస్సు. 634 నాటి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి, చాళుక్య రాజు రెండో పులకేశి యుద్ధంలో కునాల సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయని వర్ణించాడు. అది మన కొల్లేరేనని పండితుల నిర్ణయం. ఆ తర్వాత పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి వంశం వేంగిని ఏలింది. కొల్లేరు ఒకప్పుడు సముద్రపు పాయ. కృష్ణా గోదావరుల ఒండ్రు పేరుకునే కొద్దీ తీరం ముందుకు జరిగింది. ఈ పల్లం మంచినీటి సరస్సయింది. ఇప్పటికీ దాని నీరు సముద్రానికి చేరేది ఉప్పుటేరు మీదుగానే. గొట్టం దించి అడుగు మట్టిని పొర చెదరకుండా పైకి తీస్తే, ఏ పొరలో ఉప్పునీటి జీవుల గుల్లలున్నాయో, ఏ పొర మంచినీటిదో తెలుస్తుంది. వేంగి రాజుల నాడు పడవలు ఎంత దగ్గరికి వచ్చేవో చెప్పగలిగింది ఆ మట్టే. నా మట్టుకు, వేంగి చరిత్రలో సగం దిబ్బల్లోనూ సగం కొల్లేటి బురదలోనూ ఉందనిపిస్తుంది.

ఆ రెండింటికీ ఇప్పుడు పొక్లెయిన్ల భయమే. చేపల చెరువు తవ్వినచోట పొరలన్నీ కలగాపులగమవుతాయి, ఇక ఏ శాస్త్రవేత్తా వాటిని చదవలేడు. దిబ్బ మట్టి ఇళ్ల మెరకకు పోతే అక్కడ చరిత్ర అంతటితో సరి. పొలంలో పెద్ద పాత ఇటుకలు వరసగా తగిలితే పని ఆపించండి. రాగిరేకు దొరికితే తోమకండి, కరిగించకండి. పది రూపాయలకు మించిన విలువగల పాత వస్తువు భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. తహసీల్దారు కార్యాలయానికీ ఒక మాట చెప్పండి.